కారులో దారిచూపు యంత్రము – ఎంచుకొను విధము

మా చిన్నాయన గారిది కమలాపురము. ఉపాధ్యాయ వృత్తి నుండి విశ్రాంతి తీసికొని కొన్నేండ్లయినది. ఈ మధ్య ఒక చిన్న కారు కొనిరి. కడపకును, ప్రొద్దుటూరుకును ఆయనకు దారి చెప్పవలసిన పని లేదు. కాని కుమార్తె బెంగుళూరులో కాపురమున్నది. ఏటేట అహోబిలము, శ్రీశైలము పోవు అలవాటు కూడ కలదు. మొన్న మా ఇంటికి వచ్చినపుడు ఆయన ఇట్లనిరి: "దారి చూపే పెట్టె ఒకటి కొందామనుకుంటాండా నాయనా. ఏది మంచిదో నువ్వు చెప్పల్ల. అంగట్లో అడిగితే తెర ఎంత పెద్దదో చెప్తాండారు గానీ, దానికి దారి ఎంత తెలుసో ఎవరూ చెప్పడం ల్యా."

చిన్నాయన గారి మాటలోనే విషయమంతయు ఇమిడియున్నది. అట్టి యంత్రమును కొనదలచిన వారు మన శ్రోతలలో పలువురు ఉందురు గనుక, ఆయనకు చెప్పిన సమాధానమునే ఇచ్చట కొంత వివరముగ చెప్పుచున్నాను.

ఈ యంత్రమును జి.పి.యస్. నావిగేటరు అందురు. అది చేయునవి రెండు పనులు. మనము ఎక్కడ ఉన్నామో కనుగొనుట మొదటిది. అచ్చటి నుండి పోదలచిన చోటికి దారి చెప్పుట రెండవది. ఈ రెండును ఒకటే యని చాలమంది తలచుచున్నారు. కాదు. మొదటి పని ఆకాశమును బట్టి జరుగును. రెండవ పని పటమును బట్టి జరుగును. ఆకాశము అన్ని యంత్రములకును ఒక్కటే. పటములు మాత్రము వేరు వేరు. కొనువాడు ఎక్కువగా పరీక్షింపవలసినది ఆ పటమునే.

ముందుగా ఆకాశము సంగతి చూతము. రేడియో వినువారికి ఇది సులభముగనే బోధపడును. ఏలయన, దారిచూపు యంత్రము కూడ ఒక రేడియో సెట్టే. మీ ఇంటి సెట్టు వలెనే అది వినును గాని పలుకదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న ఉపగ్రహములే దానికి ప్రసార కేంద్రములు. 'నేను ఇచ్చట ఉన్నాను. ఇప్పుడు సమయము ఇంత' అను వార్తను ఒక్కొక్క ఉపగ్రహము రేయింబవళ్లు చాటుచుండును. ఆ వార్త మనలను చేరుటకు సెకనులో సుమారు పదునైదవ వంతు పట్టును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పట్టిన కాలమును బట్టి దూరము లెక్కకు వచ్చును. అట్లు మూడు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మన స్థానము తేలిపోవలెను. కాని మన యంత్రములోని గడియారము చౌకది. సెకనులో పది లక్షల వంతు తప్పినను లెక్కలో 300 మీటర్ల తేడా వచ్చును. ఆ తప్పును దిద్దుకొనుటకు నాల్గవ ఉపగ్రహము కావలెను.

ఉపగ్రహములలోని గడియారములు మిక్కిలి కచ్చితమైన పరమాణు గడియారములు. అవి కూడ నేలమీది గడియారము కంటె రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 చొప్పున ముందునకు పోవును. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము చెప్పిన తేడాయే ఇది. దీనిని సవరింపనిచో ఒక్క దినములోనే పది కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకొనును. ఒక మహాశాస్త్రజ్ఞుని ఊహ కమలాపురము బజారులో కారు నడుపువానికి అక్కరకు వచ్చుట వింత గాక మరేమి!

అమెరికా దేశము ఈ వరుసలో మొదటి ఉపగ్రహమును 1978లో పంపినది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైనది. 2000 మే నెల వరకు, సామాన్యులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగ కొంత చెడగొట్టి యిచ్చెడివారు. అందువలన 100 మీటర్ల వరకు తేడా ఉండెడిది. ఆ ఆంక్ష తొలగిన పిమ్మటనే ఇవి కార్లలో నిజముగ పనికివచ్చినవి. నేడు రష్యా వారి గ్లోనాస్, యూరపు వారి గెలీలియో, చైనా వారి బెయ్‌డౌ కూడ కలవు. మన దేశము ఏడు ఉపగ్రహములతో నావిక్ అను వ్యవస్థను తలపెట్టి, మొదటి ఉపగ్రహమును 2013 జూలై 1వ తేదీన మన శ్రీహరికోట నుండియే ప్రయోగించినది. అయితే వానిలో కొన్నింటి పరమాణు గడియారములు చెడిపోయినవి. కొత్త తరమునకు చెందిన మొదటి ఉపగ్రహము 2023 మేలో కక్ష్యను చేరినది గాని, 2025 జనవరిలో పంపిన రెండవది తన కక్ష్యను చేరలేకపోయినది. కావున ఒక్క వ్యవస్థను మాత్రమే వినునట్టిది గాక, రెండు మూడు వ్యవస్థలను కలిపి వినగల యంత్రమును ఎంచుకొనుట మేలు. యంత్రపు వివరపత్రములో ఈ పేర్లు వ్రాసియుండును. అడిగి చూచుకొనుడు.

విశాలమైన ఆకాశము క్రింద ఇట్టి యంత్రము సుమారు ఐదు మీటర్ల లోపుగ మన స్థానమును చెప్పగలదు. పాపఘ్ని కొండలను చీల్చుకొనివచ్చు గండి వంటి ఇరుకైన చోట్లను, నగరములో ఎత్తైన మేడల నడుమను ఆకాశము కొంచెమే కనబడును. సంకేతములు గోడలకు తగిలి ప్రతిధ్వని వలె ఆలస్యముగ వచ్చును. అచ్చట తేడా పెరుగును. పెద్దరోడ్డు ప్రక్కనే చిన్నరోడ్డు సాగుచున్నపుడు, మనము దేనిమీద ఉన్నది యంత్రము పొరబడుట ఇందువలననే. కొత్త యంత్రమును మొదట తెరచినపుడు స్థానము పట్టుకొనుటకు అరనిమిషము మొదలు కొన్ని నిమిషముల వరకు పట్టవచ్చును. దుకాణములో కప్పు క్రింద పనిచేయలేదని తిరస్కరింపక, బయటకు తెచ్చి పరీక్షింపుడు. ఈ విషయములో ఖరీదైన యంత్రమునకును చౌకదానికిని ఉన్న తేడా స్వల్పము. దానికై ఎక్కువ సొమ్ము పోయనక్కరలేదు.

ఇక పటము సంగతి. కమలాపురము వారికి దీనిని ఎవరును నేర్పనక్కరలేదు. 2021 నవంబరు వర్షములు మన జిల్లాకు మరపురానివి. చెయ్యేటిపైని అన్నమయ్య జలాశయపు కట్ట తెగిన వర్షములవి. ఆ వరదలలోనే కడప–తాడిపత్రి మార్గమున కమలాపురము చెంత పాపఘ్నిపై నున్న వంతెన కూలినది. ఆ రోజున కూడ దారిచూపు యంత్రములు ఉపగ్రహములను చక్కగనే వినుచుండెను. తామెక్కడ ఉన్నదియు ఐదు మీటర్ల లోపున చెప్పగలిగియుండెను. కాని వంతెన లేదను మాటను ఏ ఉపగ్రహమును చెప్పదు. పటములో వంతెన ఉన్నంతవరకు యంత్రము దానిమీదికే దారి చూపును.

ఇది ఊహ కాదు. 2024 నవంబరులో ఉత్తర ప్రదేశములోని బరేలీ సమీపమున, రామగంగా నదిపై వరదకు కొంత భాగము తెగిపోయిన వంతెన మీదుగ ఒక కారు పోయి నదిలో పడి, అందలి ముగ్గురు మరణించిరి. యంత్రము చూపిన దారినే వారు అనుసరించిరని పత్రికలు వ్రాసినవి. వంతెన మొగదల అడ్డుగోడ లేకపోవుట మనుష్యుల తప్పు. తెగిన వంతెన పటములో చెక్కుచెదరక నిలిచియుండుట పటము తప్పు. ఈ రెండు తప్పులును కలిసిన నాడు మూడు ప్రాణములు పోయినవి. దారిచూపు యంత్రమును ఎంచుకొనుట తెర వెడల్పును ఎంచుకొనుట కాదని నేను చెప్పుటకు కారణమిదే.

కావున దుకాణమునకు పోయినపుడు పటమును ఈ విధముగ పరీక్షింపుడు.

మొదట మీ ఊరినే వెదకుడు. కమలాపురము అని అడిగినచో ఏ కమలాపురము వచ్చునో చూడుడు. మన కమలాపురము కాక, తెలంగాణములో ములుగు జిల్లాలో గోదావరి వైపున ఒక కమలాపురము కలదు. హనుమకొండ జిల్లాలో కమలాపూర్ కలదు. కర్ణాటకములో హంపి శిథిలముల చెంత కమలాపుర కలదు. మంచి యంత్రము జిల్లా పేరుతో సహా అన్నింటిని వరుసగ చూపి, 'వీనిలో ఏది?' అని అడుగును. మంచిది కానిది ఏదో ఒకదానిని తానే తీసికొని ప్రయాణము మొదలుపెట్టించును. పిమ్మట పెద్దచెప్పలి, పుష్పగిరి వంటి చుట్టుప్రక్కల పేర్లను అడుగుడు. ఎర్రగుంట్లను ఆంగ్లమున 'వై'తో వ్రాయువారు కొందరు, 'ఇ'తో వ్రాయువారు కొందరు. కడప పేరును ప్రభుత్వము వారు ఆంగ్లమున వ్రాయు తీరు 2005లో మారినది. ఎట్లు వ్రాసినను పోల్చుకొనగలదో లేదో చూచుకొనుడు. వీలైనచో తెలుగు లిపిలో వ్రాసి వెదకుడు.

పేరుతో దొరకని చోటికి అక్షాంశ రేఖాంశములను అంకెలలో ఇచ్చు వీలు ఉన్నదేమో అడుగుడు. కమలాపురము ఉత్తర అక్షాంశము సుమారు 14.6, తూర్పు రేఖాంశము సుమారు 78.7 డిగ్రీలు. చుక్క తరువాత ఒక్క అంకె మాత్రమే ఇచ్చినచో పది పదునొకండు కిలోమీటర్ల మేర అనుమానము మిగులును. నాలుగు అంకెలు ఇచ్చినచో పది పదునొకండు మీటర్లలోనికి వచ్చును. బంధువుల తోటయిల్లు, పొలములోని గుడి వంటి పేరు లేని చోట్లకు ఈ పద్ధతియే శరణ్యము.

రెండవది, పటము వయస్సు. పటమును ఎన్నడు సవరించినారు, సంవత్సరమునకు ఎన్నిమారులు కొత్త పటము ఇత్తురు, ఎన్నేండ్లు ఇత్తురు, అది ఉచితమా, సొమ్ముకా అని స్పష్టముగ అడుగుడు. చెప్పలేని దుకాణదారుని యొద్ద కొనకుడు. మన దేశములో కొంతకాలము క్రిందట గార్మిన్, మ్యాప్‌మైఇండియా వంటి సంస్థలు కారులో పెట్టుకొను చిన్న యంత్రములను విరివిగా అమ్మినవి. హైదరాబాదులోని సాట్‌నావ్ సంస్థ సాట్‌గైడ్ పేరిట అట్టిదానినే తెచ్చినది. తరువాత చేతి ఫోను ఆ పనిని చాలవరకు తీసికొన్నది. పాత యంత్రము ఎవరైనను చౌకగ ఇచ్చినపుడు, దానికి నేడు కొత్త పటము దొరకునా అని విచారింపక తీసికొనరాదు. పటము దొరకని యంత్రము నిరుటి పంచాంగము వంటిది.

మూడవది, పటము ఉండు చోటు. కొన్ని యంత్రములు పటమునంతయు తమలోనే దాచుకొనును. ఫోను సాధారణముగ పటమును ఎప్పటికప్పుడు ఇంటర్‌నెట్ ద్వారా తెప్పించుకొనును. ఊరిలో ఈ భేదము తెలియదు. నల్లమలలో ఆత్మకూరు నుండి దోర్నాల పోవు మార్గమున అడవి నడిమికి చేరి ఫోనుకు సంకేతము పోయినపుడు తెలియును. ఉపగ్రహముల సంకేతము అచ్చటను అందుచునే యుండును. ఆ చుక్క నిలుచుటకు పటము మాత్రము ఉండదు. తెల్లని కాగితముపై చుక్క పెట్టినట్లుండును. ఫోనునే వాడదలచిన వారు బయలుదేరుటకు ముందే ఇంటియొద్ద ఆ ప్రాంతపు పటమును ఫోనులోనికి దింపుకొనవలెను. తరువాత మొబైలు డేటాను ఆపివేసి, దారి అడిగి పరీక్షించుకొనవలెను. మార్గమధ్యమున ఎచ్చట రద్దీ ఉన్నది, ఎచ్చట దారి మూసిరి అను తాజా వార్తలు మాత్రము డేటా లేనిదే రావు.

అయితే వేరుగ యంత్రము కొనవలెనా, ఫోను చాలునా? నెలకు ఒకటి రెండు దూర ప్రయాణములు చేయువారికి, పటము దింపుకొన్న ఫోనును, దానిని నిలబెట్టు గట్టి పట్టుకొమ్మయు, కారులో చార్జి చేయు తీగయు చాలును. తరచుగ దూరములు తిరుగువారికి, ఫోను మాటలకే చాలనివారికి, పెద్ద అక్షరములు కోరు వయస్సు మళ్ళినవారికి వేరుగ యంత్రము ఉండుట సౌకర్యము.

అట్టివారు తెరను పగటి ఎండలో చూచి ఎంచుకొనవలెను. దుకాణపు నీడలో మెరిసిన తెర మన చైత్ర వైశాఖముల ఎండలో నల్లని పలకవలె కనబడవచ్చును. అయిదంగుళముల తెర చిన్న కారుకు చాలును. ఏడంగుళములది ముందరి అద్దమును కప్పివేయకుండునట్లు చూచుకొనవలెను. దానిని చోదకుని చూపునకు అడ్డముగను, ప్రమాదములో ఉబికివచ్చు గాలిసంచి ఎదుటను అమర్చరాదు. అద్దమునకు అతుకుకొను రబ్బరు గిన్నె ఎండకు వదలిపోవుట కలదు. లోపలి బ్యాటరీ సామాన్యముగ ఒకటి రెండు గంటలే వచ్చును గనుక కారు విద్యుత్తుతో నడుపుటయే పద్ధతి. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. వేసవిలో అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలను దాటవచ్చును. లిథియం బ్యాటరీకి అది ప్రాణాంతకము. దిగునపుడు యంత్రమును వెంట తీసికొనిపొండు.

దారిని చెవికి వినిపించు గొంతు తెలుగున ఉన్నదేమో అడుగుడు. నడుపువాడు తెర చూడక వినవలెను. చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగ ఉన్నది. 2020 అక్టోబరు 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము, వాహనము నడుపునపుడు చేతి పరికరమును దారి తెలిసికొనుటకు మాత్రమే వాడవచ్చును. అదియును నడుపువాని ధ్యానము చెదరని రీతినే వాడవలెను. కావున పోవలసిన చోటును బయలుదేరుటకు ముందే వ్రాసి ఉంచుడు. మధ్యలో మార్చవలసివచ్చినచో బండి నిలిపి మార్చుడు.

ఇక నా అనుభవము ఒకటి. ఒక కార్తికమున నేను కారులో కమలాపురమునకు పోవుచుంటిని. యంత్రములో 'మిక్కిలి దగ్గర దారి' అను ఏర్పాటు ఉండుట నేను గమనింపలేదు. అది నన్ను తారురోడ్డు నుండి తప్పించి నల్లరేగడి బండిబాటలోనికి దింపినది. లెక్కకు మూడు కిలోమీటర్లు కలిసివచ్చినది నిజమే. కాని ముందునాటి వానకు రేగడి పిండిముద్దవలె నున్నది. గొఱ్ఱెలు తోలుకొనిపోవుచున్న ముసలాయన ఒకడు చేయి అడ్డము పెట్టి ఆపెను. "ఆపక్క పోగాకు నాయనా. వంక పారతాంది. మొన్న బండే దిగబడిపాయ" అనెను. నేను యంత్రము వంక చూచితిని. 'ఎనిమిది వందల మీటర్లు తిన్నగా పొండు' అని అది చెప్పుచునే యున్నది. దాని లెక్కలో తప్పు లేదు. దానికి వాన సంగతి తెలియదు, అంతే. మీ యంత్రములో 'మిక్కిలి దగ్గర దారి' అని ఉన్నచో 'త్వరగ చేరు దారి' అని మార్చుకొనుడు. మట్టిబాటలను తప్పించు ఏర్పాటు ఉన్నచో దానిని తప్పక పెట్టుకొనుడు.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగ కాశీయాత్ర చేసిరి. ఏ మజిలీ ఎంత దూరము, దారి ఎట్లున్నది, నీరు దొరకునా, బస కుదురునా అను సంగతులను తమ పుస్తకమున వ్రాసి ఉంచిరి. నేటి పటము వెనుకనున్న శ్రమయు అట్టిదే. ఎవరో ఒకరు ఆ దారిన పోయి, చూచి, వ్రాసిన యెడలనే అది పటమున నిలుచును. దారి మారినపుడు మరల చూచి వ్రాసినవాడు లేనిచో పటము అబద్ధమాడును. మీ ఊరి పటములో తప్పు కనబడినచో, ఆ సంస్థకు తెలుపు వీలు చాల యంత్రములలోను ఫోనులలోను కలదు. తెగిన బాటను తెలుపుట, దారిలో పడిన ముండ్లకంపను తీసివేయుట వంటి పుణ్యకార్యమే.

మా చిన్నాయన గారు ఇంకను ఏ పెట్టెయు కొనలేదు. ఫోనులో మన రాష్ట్రపు పటమును, కర్ణాటకపు పటమును దింపించుకొని, దానిని నిలబెట్టు పట్టుకొమ్మ మాత్రము తీసికొనిరి. బెంగుళూరుకు ఒకమారు పోయి వచ్చిన పిమ్మట, అవసరమనిపించినచో అప్పుడు యంత్రము కొందమనిరి. పోవునపుడు నేను చెప్పిన మాటనే మీకును చెప్పి విరమించుచున్నాను. మీరెక్కడ ఉన్నారో యంత్రమును నమ్ముడు. ఎటు పోవలెనో యంత్రమును అడుగుడు. కాని ఏరు అడ్డము వచ్చినపుడు, చీకటిలో వంతెన మొగదల నిలిచినపుడు, వాన వెలిసిన మరునాడు మట్టిబాట ఎదురైనపుడు, బండి ఆపి అచ్చటి మనిషిని అడుగుడు. ఆ మనిషి చెప్పు మాట యంత్రములో ఉండదు.